నీళ్ళంటే పడని కప్ప

చిలోయె దీవిలో వానకి సెలవుండదు.
దుంపల చేలో, చెక్క పలకల గోడల మీద,
నా మేజోళ్ళ లోపల
వానే.

అన్న సాల్మన్ చేపల వలల దగ్గరికి పనికి పోతూ
గుర్రాన్ని నాకొదిలాడు.
పేరు పాల్మిరా. బూడిద రంగు. పదకొండేళ్ళు.
ఆటు వేళ బండికి కట్టి
సముద్రపు పాచి ఒడ్డుకు లాగించాలి, అంతే అన్నాడు.
కాలెత్తి చూడమని చెప్పలేదు.
నేనూ అడగలేదు.

ఆగస్టులో అది గులకరాళ్ళ మీద
ఆచి తూచి అడుగెయ్యడం మొదలెట్టింది,
అప్పులవాళ్ళ వీధిలో నడిచే మనిషిలా.
బద్ధకం అనుకున్నాను.
రెండుసార్లు తాడుతో అదిలించాను కూడా.
ఆ రెండు దెబ్బల లెక్క ఇంకా నా దగ్గరే ఉంది.

నాడాలు కొట్టే బెలార్మినో
ఆరు వారాలకోసారి పడవ దిగుతాడు.
పెదాల మధ్య మేకులు. మాట తక్కువ.
ముందు కాలు తన మోకాళ్ళ నడుమ ఇరికించుకుని
కొక్కెంతో ఒక్క గీత గీసి
నా వైపు చూశాడు.
"వాసన చూడు."

చూశాను.
మూత పెట్టి మరిచిపోయిన కూరకుండ
ఎన్నాళ్ళకో మనింట్లోనే దొరికితే
వచ్చే వాసన.
నల్లటి జిగురు కొక్కెం కొసన వేలాడింది.

గిట్ట అడుగున మెత్తని ముక్కోణం ఒకటుంది.
మా దగ్గర దాన్ని చిన్న కప్ప అంటాం.
ఎవరు పెట్టారో ఆ పేరు!
నీళ్ళంటే పడని కప్ప.
గుర్రం బరువంతా మోస్తుంది గానీ
బురద మొయ్యలేదు.
ఇరుపక్కలా రెండు గాడులు, నడుమ ఒక చీలిక,
ఆ చీలికలో గాలి సోకని చీకటి,
చీకట్లో పేడ, పేడలో తడి,
తడిలో కంటికి కనపడనిది ఏదో
తాపీగా భోంచేస్తోంది.

బెలార్మినో చచ్చినంత మేరే కోశాడు.
బతికున్నది ఎక్కడ మొదలవుతుందో
కత్తి కన్నా ముందు వేలికి తెలుస్తుందన్నాడు.
పాల్మిరా ఉలిక్కిపడి కాలు లాక్కుంది.
అక్కడ ఆగాడు.

ఉప్పునీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో అద్ది,
(ఈ వానలో పొడిగుడ్డ! పొయ్యి మీద ఆరేసి తెచ్చాను)
కొవ్వులో కలిపిన మైలుతుత్తం, చిటికెడంటే చిటికెడే,
ఎక్కువైతే బతికున్నదీ కాలుతుంది,
దూదికి రాసి చీలికలో కూరాడు.
నీలం.
మా ఆకాశానికి ఏడాదిలో పది రోజులు దొరికే నీలం
గుర్రం పాదం కింద.

"మందు అయిపోయినా సరే
రోజూ కాలెత్తడం మానకు" అన్నాడు లేస్తూ.
పోయేముందు కొట్టం గుమ్మంలో
నేలని బూటుతో నొక్కి చూశాడు.
చీలమండ దాకా దిగింది.
ఇంకేం అనలేదు.

ఆ వారమంతా పాచి మాని రాళ్ళు మోశాను.
గుమ్మం ముందు, నీళ్ళ తొట్టి చుట్టూ,
అది రోజంతా నిలబడి ఆలోచించే చోట
గులకరాళ్ళు, బుట్టలు బుట్టలు.
పక్కింటి క్లోరిండా కంచె మీదుగా
"మన చర్చికి కూడా ఇంత మంచి అరుగు లేదే, ఎర్సిరా" అంది.
చర్చి నడవదుగా అన్నాను.
ఇళ్ళకి ఎడ్లు కట్టి నడిపించే దీవిలో పుట్టి
ఆ మాటా అంటావా, అంది.
నిజమే. నవ్వొచ్చింది. ఇంకో బుట్ట పోశాను.

పాల్మిరా రాళ్ళు దాటుకుని
మళ్ళీ బురదలోకే పోయి నిలబడింది.

ఇప్పుడు సాయంత్రాలు
లాంతరు మేకుకి తగిలించి
దాని భుజానికి నా భుజం ఆనించి
"ఏదీ" అంటాను.
ఒక్కోరోజు ఇస్తుంది.
ఒక్కోరోజు బరువంతా నా మీద వేసి
కునుకు తీస్తుంది.
ముక్కు దగ్గరగా పెట్టి చూస్తాను.
అన్న చూస్తే నవ్వుతాడు, నవ్వనీ.
తడి చెక్క వాసన. పచ్చి దుంప వాసన.
ఎడమ వెనక కాలు మాత్రం
ఇంకా కాస్త అనుమానం.

రేపు మళ్ళీ చూడాలి.
పొయ్యి మీద గుడ్డ ఆరేసి వస్తాను.